దేవుడు ఉన్నాడని గానీ లేడని గానీ నూటికి నూరుపాళ్లు ఎవరైనా చెప్పగలరా?

#1 సందేహాల రావు
అందరికీ నమస్కారం. మొన్న మా బావమరిది గృహప్రవేశం భోజనాల దగ్గర లేచిన గొడవ ఇది. మా పెదనాన్నగారు "దేవుడు ఉన్నాడు, నాకు నూటికి నూరుపాళ్లు తెలుసు" అన్నారు. ఎదురు బంతిలో మా మేనల్లుడు, బీటెక్ మూడో ఏడు, "లేడు తాతయ్యా, నాకూ నూటికి నూరుపాళ్లు తెలుసు" అన్నాడు. పెరుగు వడ్డించే టైముకి ఇద్దరూ మొహాలు పక్కకి తిప్పుకున్నారు.

నా డౌటు దేవుడి గురించి కాదు, ఆ నూరుపాళ్ల గురించి. ఇద్దరిలో ఒకరైనా ఆ మాట అనగలిగిన స్థితిలో ఉన్నారా? దయచేసి ఇక్కడ దేవుణ్ణి రుజువు చేయడం, కొట్టిపారేయడం వద్దు. అలాంటి థ్రెడ్లు ఈ ఫోరంలో బోలెడున్నాయి. మీకు ఎంత ఖాయం, ఆ ఖాయం ఎక్కడి నుంచి వచ్చింది, అది మారాలంటే ఏం జరగాలి? ఈ మూడే చెప్పండి.

#2 బెజవాడ హేతువాది
రావుగారూ, నేను నాస్తికుణ్ణే అయినా నూరుపాళ్లు అనను. దేనికీ అనను. కళ్లారా చూసినదానికి కూడా ఎందుకు అననో చెప్తాను.

1995 సెప్టెంబర్ 21. వినాయకుడు పాలు తాగుతున్నాడని ఢిల్లీలో మొదలై సాయంత్రానికల్లా దేశమంతా గుళ్ల ముందు క్యూలు. మా వీధి గుడిలో నేనూ నిలబడ్డాను. స్పూను అంచు తొండానికి ఆనించగానే పాలమట్టం తగ్గడం నా కళ్లతో చూశాను. వెనకున్నావిడ ఏడ్చేసింది. ఆ క్షణంలో ఎవరైనా నన్ను అడిగుంటే నూటికి నూట పది అనేవాణ్ణి. తర్వాత ప్రభుత్వ శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి అదే పని చేసి చూపించారు. పాలు విగ్రహం లోపలికి పోవట్లేదు, తలతన్యత వల్ల అంచు దాటి రాయి మీద పల్చటి పొరలా కిందకి జారుతున్నాయి. తెల్లరాయి మీద తెల్లపాలు కాబట్టి కనపడలేదు. మా గుడిలోనూ విగ్రహం కింద ఓ బకెట్టు పెట్టి ఉంది. అది ఎందుకు నిండుతోందని మాలో ఒక్కరం అడగలేదు.

దీంతో దేవుడు లేడని తేలిందని నేననను. "నాకు ఖాయంగా అనిపిస్తోంది" అన్నది ఒక సాక్ష్యంగా పనికిరాదని మాత్రం తేలింది. అది పెదనాన్నగారికీ మేనల్లుడికీ ఇద్దరికీ వర్తిస్తుంది.

#3 అపార్ట్‌మెంట్ సెక్రటరీ
మా బిల్డింగులో ఆస్తికులు ఎంతమంది, నాస్తికులు ఎంతమంది అనేది నాకు తెలీదు. చవితి చందా అడగడానికి వెళ్తే మాత్రం నలభై ఫ్లాట్లూ "చూద్దాం సార్, ఇప్పుడే చెప్పలేం".

#4 తర్కం మాస్టారు
హేతువాదిగారు చెప్పింది ఒక పుకారు గురించి. ఈశ్వరుడి గురించి కాదు. పాలు తాగని దేవుణ్ణి నమ్మేవాళ్లే మన దేశంలో ఎక్కువ.

ఆస్తికులంటే కళ్లు మూసుకుని నమ్మేవాళ్లని ఈ తరం అనుకోవడం చూస్తే నాకు నవ్వొస్తుంది. ఈ ప్రశ్న మీద మనవాళ్లు వెయ్యేళ్లకు పైగా కొట్టుకున్నారు. అదీ గుడి లోపలివాళ్లే. సాంఖ్యులు వేదాన్ని ఒప్పుకుంటూనే "ఈశ్వరాసిద్ధేః" అన్నారు, అంటే ఈశ్వరుడు ప్రమాణానికి అందడని. మీమాంసకులు యజ్ఞాలు చేస్తారు, వేదం కోసం ప్రాణం పెడతారు, కానీ ఈ జగత్తుకి ఒక కర్త ఉన్నాడంటే ఒప్పుకోరు. కుమారిలభట్టు అడిగిన ప్రశ్న ఎంత సూటిగా ఉంటుందో చూడండి: ఆ కర్తకి శరీరం ఉందా లేదా? లేకపోతే పని ఎలా చేశాడు? ఉంటే, ఆ శరీరాన్ని ఎవరు చేశారు?

వీళ్లకి జవాబుగా నైయాయికుడు, అంటే న్యాయదర్శనం తార్కికుడు, ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలి రాశాడు. కుండ కార్యం, అంటే ఒక కారణం వల్ల పుట్టిన వస్తువు, దానికి కుమ్మరి ఉన్నాడు. భూమి వగైరాలు కూడా కార్యాలే, కాబట్టి వాటికీ ఒక కర్త ఉండాలి అన్నది అందులో మొదటి వాదం. ఇంకా చాలా ఉన్నాయి. ఆయన మీద ఒక కథ చెప్తారు. పూరీ వెళ్తే గుడి తలుపులు మూసి ఉన్నాయట. కోపం వచ్చి జగన్నాథుడితోనే అన్నాడట: "ఐశ్వర్యమదంతో నన్ను లెక్కచేయట్లేదు గానీ, బౌద్ధులు వచ్చినప్పుడు నీ ఉనికి నా చేతిలోనే ఉంటుంది, గుర్తుపెట్టుకో." కథే అనుకోండి. కానీ దేవుడి ఉనికి తన వాదం మీద ఆధారపడి ఉందని దేవుడి మొహమ్మీదే అనగలిగిన భక్తుడు మనకి ఒకడున్నాడు.

నా మటుకు నాకు ఎంత ఖాయం అంటారా? పొగ చూసి నిప్పు ఉందని ఎంత ఖాయంగా చెప్తానో, దానికంటే కొంచెం తక్కువ.

#5 బెజవాడ హేతువాది
మాస్టారూ, పొగా నిప్పూ కలిసి ఉండగా వంటింట్లో వేలసార్లు చూశాం కాబట్టి పొగ చూసి నిప్పు అంటాం. జగత్తులు తయారవుతుండగా ఎన్ని చూశారు? మన దగ్గర ఉన్నది ఒక్కటే జగత్తు, అది కూడా తయారయ్యాక వచ్చాం. కంటికి కనపడిందే నిజమనే చార్వాకులు సరిగ్గా ఇక్కడే పట్టుకున్నారు.

#6 తర్కం మాస్టారు
చార్వాకుడు పొగ చూసి నిప్పు అనడాన్ని కూడా ఒప్పుకోడు నాయనా, అనుమానప్రమాణమే (కనపడినదాన్ని బట్టి కనపడనిదాన్ని తేల్చడం) వద్దంటాడు. ఆయన్ని పిలుచుకొస్తే మీ సైన్సు కూడా ఇంటికి పోతుంది. మీ అభ్యంతరం మాత్రం గట్టిదే. బౌద్ధ తార్కికులు అదే అన్నారు: కుండల నుంచి మీకు తేలేది శరీరం ఉన్న కుమ్మరి వరకే, సర్వజ్ఞుడు కాదు అని. అందుకే "కొంచెం తక్కువ" అన్నాను.

#7 డల్లాస్ డేటా
నేను లెక్కల మనిషిని, రెండు ముక్కలు.

ఒకటి. "లేదని ఎవరూ రుజువు చేయలేరు" అని పెద్దవాళ్లు తరచూ అంటుంటారు. అది తప్పు. నలుచదరపు వృత్తం లేదని నేను ఈ కుర్చీలోంచి లేవకుండా నూరుపాళ్లు చెప్పగలను, ఎందుకంటే ఆ వర్ణనలోనే పొసగదు. కాబట్టి మీరు చెప్పే దేవుడి లక్షణాలు ఒకదానితో ఒకటి పొసగకపోతే ఆ దేవుడు లేడని ఖాయంగా చెప్పొచ్చు. పొసిగితే చెప్పలేం. మేనల్లుడు ఏ దేవుడు లేడంటున్నాడో ముందు అడగాలి.

రెండు. ఉన్నాడని రుజువు చేసినవాళ్లూ ఉన్నారు. గోడెల్ అంతటి తార్కికుడు దేవుడి ఉనికికి ఒక గణిత నిరూపణ రాసి పెట్టుకున్నాడు. 2013లో ఇద్దరు పరిశోధకులు ఆ వాదాన్ని కంప్యూటర్‌తో చెక్ చేయించారు. "కంప్యూటర్ దేవుణ్ణి నిరూపించింది" అని హెడ్డింగులు వచ్చాయి. కంప్యూటర్ అన్నది అది కాదు. ఈ స్వీకృతాలు (రుజువు లేకుండా ముందే నిజమనుకునే మాటలు) ఒప్పుకుంటే ఆ ముగింపు వస్తుంది అని మాత్రమే. స్వీకృతాలు నిజమా అంటే ఏ మెషీనూ చెప్పదు. పైగా అవే స్వీకృతాల నుంచి, నిజమైన ప్రతి సంగతీ అలా కాక మరోలా జరగడానికి వీల్లేదు అనే ఇబ్బందికరమైన ముగింపు కూడా వస్తుంది. అంటే నేను ఈ పూట ఇడ్లీ తినడం కూడా విశ్వనియమం అన్నమాట.

ఖాయం అనేది లాజిక్‌లో దొరుకుతుంది, కాకపోతే "అయితే" అనే మాట పక్కనే వస్తుంది.

#8 కొండారెడ్డి బురుజు
అస్సలాము అలైకుం. కర్నూలు నుంచి.

అందరూ రుజువుల గురించే మాట్లాడుతున్నారు. ఇమామ్ గజాలీ గారి సంగతి చెప్తాను. పదకొండో శతాబ్దం, బాగ్దాద్ నిజామియా మదరసాలో ఆయన్ని మించిన పండితుడు లేడు. ఆయనకి ఒక దశలో అన్నిటి మీదా సందేహం పట్టుకుంది. కళ్లు మోసం చేస్తాయి: నక్షత్రం దీనారమంత కనపడుతుంది, లెక్కవేస్తే భూమికంటే పెద్దది. మరి కళ్ల తప్పుని పట్టుకున్న బుద్ధి కూడా తప్పు కాదని ఏమిటి గ్యారంటీ? కలలో ఉన్నంతసేపు కల నిజమే కదా? దాదాపు రెండు నెలలు ఈ జబ్బుతో ఉన్నానని ఆయనే రాసుకున్నారు. జబ్బు అనే అన్నారు. ఎలా బయటపడ్డారంటే, వాదంతో కాదు, అల్లాహ్ గుండెలో వేసిన ఒక వెలుగుతో అన్నారు.

నాది కూడా అదే. నాకు ఖాయం. కానీ మీ చేతిలో పెట్టగలిగిన వస్తువు కాదు అది. తెల్లవారుజాము ఫజర్ నమాజులో నుదురు నేలకి ఆనినప్పుడు నాకు అనుమానం ఉండదు. ఫోరంలో మీతో వాదిస్తున్నప్పుడు, నిజం చెప్పాలంటే, అప్పుడున్నంత ధీమాగా ఉండదు.

#9 బెజవాడ హేతువాది
బురుజు భాయ్, ఇంత నిజాయితీగా చెప్పినందుకు థాంక్స్. నాకున్న ఇబ్బంది ఇది. అదే వెలుగు మా పక్కింటి మామ్మగారికి కృష్ణుడి ముందు వస్తుంది. మా ఆఫీసులో ఒకాయనకి ప్రార్థనా మందిరంలో వస్తుంది. ఇద్దరూ మీ అంత నిజాయితీపరులే. మూడు వెలుగులూ మూడు వేర్వేరు సంగతులు చెప్తుంటే బయట నిలబడ్డవాడు ఏది తీసుకోవాలి?

#10 కొండారెడ్డి బురుజు
బయట నిలబడ్డవాడు తీసుకోమని నేను అనలేదుగా అన్నా.

#11 బమ్మెర పక్కూరోడు
మాది జనగామ దిక్కు. పోతన పేరు లేకుండా ఇంతదూరం వచ్చిన్రంటే ఆశ్చర్యంగ ఉంది.

ప్రహ్లాదుని పద్యం అందరికీ నోటికి వస్తది. ఇందుగలడు, అందులేడు అనే సందేహమే వద్దంటడు. చిన్నపిల్లగాడు, తండ్రి కత్తి పట్టుకుని నిలబడ్డా పిసరంత తొణకడు. రావు గారి పెదనాన్నది ఆ బడి. కానీ అదే భాగవతంల, తర్వాతి స్కంధంల, గజేంద్రుడు ఏమంటడు? దీనుల దగ్గర ఉంటడంటరు, యోగుల దగ్గర ఉంటడంటరు, అన్ని దిక్కుల ఉంటడంటరు, ఉన్నడు ఉన్నడు అనేటోడు అసలు ఉన్నడో లేడో అంటడు. ఒకే కవి, ఒకే పుస్తకం. రెండు పద్యాలనూ మన పిల్లలకు బడిల చెప్పిన్రు, ఒకటి భక్తి, ఒకటి నాస్తికం అని ఎవ్వరూ పక్కకు పెట్టలే.

ఇంకోటి చూడున్రి. ఏనుగుకు ఆ సందేహం తీరదు. ఎవ్వరూ వచ్చి తీర్చరు. సందేహం అట్లనే ఉండంగనే కాళ్లు పట్టుదప్పి, ఊపిరి ఆగేటట్టయి, నువ్వు తప్ప ఇంకెవ్వరూ తెల్వదు, రా అని పిలుస్తది. ఖాయం చేసుకున్నంక పిలుస్త అని కూసుంటే మొసలి ఆగుతదా? మా సారు బడిల ఈ రెండు పద్యాలు ఒకేరోజు చెప్పి, ఎవడు గొప్ప భక్తుడో రాసుకుని రమ్మన్నడు. క్లాసు సగం సగం అయింది.

#12 తర్కం మాస్టారు
వంద మార్కులు. అంతకంటే పాతది కావాలంటే ఋగ్వేదం పదో మండలం, 129వ సూక్తం చూడండి. ఈ సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందో పరమవ్యోమంలో ఉండి చూసేవాడికి తెలుసు. లేక ఆయనకీ తెలియదో ఏమో అని ముగుస్తుంది. వేదమే "ఏమో" అన్నాక నూరుపాళ్లు ఇచ్చేవాళ్లు వేదం కంటే ముందున్నారన్నమాట.

#13 సప్తగిరి సేవకుడు
ఇలాంటి చర్చలు పెట్టేవాళ్లకి ఒకసారి కష్టం వస్తే అప్పుడు తెలుస్తుంది దేవుడు ఉన్నాడో లేడో. కాళ్ల దగ్గరకి పరిగెత్తుకొస్తారు. [మిగతా భాగం మోడరేటర్ తొలగించారు]

#14 మోడరేటర్
సేవకుడుగారూ, పార్టీల పేర్లూ తిట్లూ తీసేశాను. మొదటి రెండు వాక్యాలు ఉంచాను, అవి చర్చకు సంబంధించినవే.

#15 ఐసీయూ నైట్ డ్యూటీ
కష్టం వచ్చినవాళ్లని రోజూ చూస్తాను కాబట్టి నేను చెప్తాను. ఏ ఆసుపత్రో అడక్కండి.

సర్జరీకి తీసుకెళ్లే పేషెంటు చేతికి ఎర్రదారం ఉంటుంది, లేకపోతే తాయెత్తు. ఒకావిడ దిండు కింద ప్రార్థన చేసి ఇచ్చిన నూనె సీసా. రూలు ప్రకారం ఒంటి మీద ఏమీ ఉండకూడదు. దారం తెంపేస్తే బీపీ పెరిగిపోతుంది, కొంతమంది నిజంగానే వణికిపోతారు. అందుకని దాని మీద టేపు చుట్టేసి లోపలికి పంపిస్తాం. డాక్టర్లు చూసీ చూడనట్టు ఊరుకుంటారు.

ఇన్నేళ్లలో నాకర్థమైంది ఏంటంటే, ఆ దారం కట్టించిన తండ్రే కన్సెంట్ ఫారం మీద సంతకం పెడతాడు, బ్లడ్ కోసం పరిగెత్తుతాడు, సీనియర్ డాక్టరు ఉన్నాడా లేడా అని పదిసార్లు అడుగుతాడు. దేవుడు చూసుకుంటాడని నూటికి నూరుపాళ్లు ఖాయమైతే సీనియర్ డాక్టర్ ఎందుకు? అసలు లేడని ఖాయమైతే దారం ఎందుకు? వాళ్లకి రెండిట్లో ఏదీ ఖాయం కాదు, ఆ టైములో ఖాయం వాళ్లకి అక్కర్లేదు కూడా. సేవకుడుగారూ, కష్టంలో పరిగెత్తుకొస్తారు, నిజమే. దాన్ని బట్టి దేవుడు ఉన్నాడని తెలియదు, వాళ్లకి భయం వేసిందని తెలుస్తుంది. కూతురు పోయాక మెడలోది తెంపి డస్ట్‌బిన్‌లో పడేసిన మనిషిని కూడా చూశాను. దాన్ని బట్టి లేడని కూడా తెలియదు.

#16 నాగాయలంక
ఐసీయూ మేడమ్ చెప్పింది చదివాక రాయాలనిపించింది. మాది దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెనలో మా తాతగారూ ఆయన తమ్ముడూ బతికారు. మా ఇంట్లో పోయినవాళ్ల పేర్లు రాయను. ఇద్దరూ ఒకే తాటిచెట్టు పట్టుకుని ఒకే రాత్రి గడిపారు. తెల్లారాక ఒకే పొలంలో ఒకే శవాలు చూశారు.

మా తాత ఆ తర్వాత గుడి గడప తొక్కలేదు. "చూసేవాడు ఒకడుంటే ఆ పసిపిల్లల్ని చూసుండాలి" అనేవాడు. చినతాత పూర్తిగా భక్తుడైపోయాడు. "అంత నీళ్లలో ఆ ఒక్క చెట్టు మా చేతికి ఎవరిచ్చారు" అనేవాడు. చచ్చేదాకా ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చునేవారు. ఇద్దరూ నూరుపాళ్ల మనుషులే. సాక్ష్యం మాత్రం ఇద్దరిదీ అదే చెట్టు.

#17 సందేహాల రావు
నాగాయలంక గారూ, ఏం రాయాలో తెలియట్లేదు. చదివాను.

#18 ప్లీడరు గుమాస్తా
కోర్టు వైపు నుంచి కొంచెం. క్రిమినల్ కేసులో మనిషిని ఉరి తీయడానికి కూడా చట్టం నూటికి నూరుపాళ్లు అడగదు. సహేతుకమైన అనుమానానికి తావు లేకుండా అంటుంది, అంతే. సివిల్ కేసులో అంతకంటే తక్కువ చాలు, ఎటు మొగ్గు ఉంటే అటు. రావుగారి మేనల్లుడు సివిల్ ప్రమాణంతో గెలిచి క్రిమినల్ ప్రమాణం మాట్లాడుతున్నాడేమో చూడండి.

ఇంకో సంగతి, చాలామందికి తెలియదు. ఈ విషయం మన రాజ్యాంగసభలో ఓటింగుకి కూడా వచ్చింది. 1949 అక్టోబర్ 17న పీఠిక మీద చర్చ. హెచ్.వి. కామత్ "దేవుడి పేరిట" అని మొదలుపెట్టాలని సవరణ తెచ్చారు. వద్దన్నవాళ్లలో మంచి భక్తులూ ఉన్నారు. నమ్మకం విషయంలో బలవంతం కూడదన్నది వాళ్ల మాట. ఒకాయన లేచి దేవుడంటే సరిపోదు, దేవి పేరు కూడా పెట్టాలన్నారు. ఓట్లు లెక్కపెడితే అనుకూలం 41, వ్యతిరేకం 68. సవరణ వీగిపోయింది. ప్రమాణస్వీకారం దగ్గర మాత్రం రెండు దారులూ ఉంచారు. ఇష్టమున్నవాళ్లు దైవసాక్షిగా అంటారు, లేనివాళ్లు ఆ మాట లేకుండానే ప్రమాణం చేస్తారు. రెండిటికీ విలువ ఒకటే. అబద్ధం చెప్తే శిక్ష కూడా ఒకటే.

#19 గుంటూరు మిషన్ కాంపౌండ్
నాకు ఖాయం కాదు, అయినా ప్రతి ఆదివారం వెళ్తాను. ఇది దొంగతనంలా దాచుకునేదాన్ని. మదర్ థెరిసా ఉత్తరాలు 2007లో బయటికి వచ్చాక ధైర్యం వచ్చింది. లోపల ఏమీ వినపడటం లేదని, అంతా చీకటని ఆవిడ ఏళ్ల తరబడి గురువులకు రాస్తూనే ఉన్నారు. రాస్తూనే కలకత్తా వీధుల్లో ఆ పని చేశారు. ఆవిడ కపటి అని కొందరు అన్నారు. నాకు అలా అనిపించలేదు. ఖాయంగా తెలిసినవాళ్లు చేసే పనికంటే తెలియకుండా చేసే పని కష్టం.

#20 బెజవాడ హేతువాది
ఈ మాటకి మా వైపు నుంచి ఒక జోడీ ఉంది. గోరాగారు 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని బెజవాడకు తెచ్చారు. నాస్తికత్వం కోసం కాలేజీ లెక్చరరు ఉద్యోగాలు పోగొట్టుకున్న మనిషి. ఆయన సేవాగ్రామ్ వెళ్లి గాంధీతో ఇదే సంగతి చర్చించారు. వాదించి ఓడిద్దామని కాదు, అంటరానితనం పోగొట్టే పనిలో దేవుడి అవసరం ఏమిటని. చివరికి గాంధీ అన్న మాటల సారాంశం: నా ఆస్తికత్వం రైటనీ చెప్పలేను, నీ నాస్తికత్వం తప్పనీ చెప్పలేను, మనిద్దరం సత్యాన్ని వెతుకుతున్నవాళ్లం. రామనామం వదలని మనిషి అన్నాడీ మాట. గోరాగారి అమ్మాయికి దళిత యువకుడితో పెళ్లి అనుకుంటే సేవాగ్రామ్‌లోనే చేద్దామన్నాడు, ప్రమాణంలో దేవుడి బదులు సత్యం పేరు పెట్టడానికీ ఒప్పుకున్నాడు. పెళ్లి 1948 మార్చిలో జరిగింది, అప్పటికి గాంధీ లేడు.

#21 డల్లాస్ డేటా
అందరూ రావుగారి మూడో ప్రశ్న ఎగ్గొడుతున్నారు. మీ మనసు మారాలంటే ఏం జరగాలి? హేతువాదిగారూ, మీరే మొదలుపెట్టండి.

#22 బెజవాడ హేతువాది
అమెరికాలో ప్రార్థన మీద ఒక పెద్ద ప్రయోగం జరిగింది, ఫలితాలు 2006లో వచ్చాయి. ఆరు ఆసుపత్రుల్లో 1,802 మంది బైపాస్ సర్జరీ పేషెంట్లు. కొందరి కోసం ముక్కూమొహం తెలియనివాళ్లు ప్రార్థించారు, కొందరి కోసం లేదు. ఎవరి కోసం జరుగుతోందో తెలియని రెండు గుంపుల్లో తేడా లేదు: ఇబ్బందులు వచ్చినవాళ్లు 52 శాతం, 51 శాతం. "మీ కోసం ప్రార్థిస్తున్నారు" అని ముందే ఖాయంగా చెప్పిన గుంపులో 59 శాతం. "నా పరిస్థితి అంత సీరియస్సా" అని టెన్షన్ పడి ఉంటారని ఒక అభిప్రాయం.

ఇదే ప్రయోగం తిరగబడి, ప్రార్థించిన గుంపు బాగా కోలుకుని, ఇంకో దేశంలో ఇంకొకళ్లు చేసినా అదే వచ్చి, ఏదో ఒక్క మతం ప్రార్థనకే అది పనిచేస్తే, నేను మారాలి.

#23 తర్కం మాస్టారు
మారరు. "ఇదేదో ఇంకా తెలియని శక్తి, పరిశోధన జరగాలి" అంటారు.

#24 బెజవాడ హేతువాది
మొదట్లో అంటాను మాస్టారూ. మీ సంగతి చెప్పండి. 59 శాతం మీకు తెలిశాక మీ "కొంచెం తక్కువ" ఇంకొంచెం తగ్గిందా?

#25 తర్కం మాస్టారు
తగ్గలేదు. నా ఈశ్వరుడు స్టాప్‌వాచ్ పట్టుకుని పరీక్ష పెట్టేవాళ్లకి హాజరయ్యేవాడు కాడు. ఈ జవాబు మీకు తప్పించుకోవడంలా కనిపిస్తుందని కూడా తెలుసు. అయితే ఒకటి ఒప్పుకుంటాను: ఏం జరిగినా తగ్గనిదాన్ని నేను అనుమానప్రమాణం అని పిలవకూడదు. ఉదయనుడు ఒప్పుకోడు. దానికి వేరే ఏదో పేరు పెట్టుకోవాలి, భక్తి అనో, అలవాటు అనో.

#26 బమ్మెర పక్కూరోడు
రావు గారూ, ఇంతకు పెదనాన్న గారికి ఈ థ్రెడ్ చూపిచ్చిన్రా?

#27 సందేహాల రావు
మేనల్లుడికి లింకు పంపాను. నాగాయలంక గారి పోస్టు దగ్గర ఆగాడట. పెదనాన్నగారికి ఫోన్లో చదివి వినిపించాను. గజేంద్రుడి పద్యం రాగానే ఆపి, మిగతా పాదాలు ఆయనే చదివారు. నూరుపాళ్ల సంగతి అడిగితే మాత్రం "నూరే" అన్నారు.